ఊపిరికి కావలి: ఐసీయూ పరిచర్య చరిత్రలో మన హైదరాబాదు



"ఐసీయూలో పెట్టినారట" అను మాట మన నాగల్‌గిద్ద పల్లెలలో వినబడగానే ఆ ఇంటి అరుగు మీద ఇరుగుపొరుగువారందరు చేరుదురు. కొందరి మనస్సులో అది యంత్రముల నడుమ మనిషిని ఒంటరిగా ఉంచు గది. అక్కడికి పోయినవారు తిరిగి రారను భయము. మరికొందరికి, సొమ్ము కట్టగలిగినచో యంత్రమే ప్రాణము నిలుపునను ధైర్యము. ఆ గది ఎట్లు పుట్టినదో, అందులోని పరిచర్య ఎట్లు మెరుగుపడినదో తెలిసికొన్నవారికి ఆ భయము కొంత తగ్గును, ఈ ధైర్యము కొంత సరిపడును.

ఆ చరిత్ర అంతటిలో ఒక్క సంగతి మరల మరల కనబడుచున్నది. యంత్రము ఎంత గొప్పదైనను, రోగి ప్రక్కన మేల్కొని కనిపెట్టు మనిషి ఉన్నచోటనే ప్రాణములు దక్కినవి. ఆ మనిషి ఒక్క గురుతునే నమ్మి తక్కినవి విడిచినచోట ప్రాణములు పోయినవి. ఈ పాఠము ప్రపంచమునకు నేర్పిన స్థలములలో మన హైదరాబాదు కూడ ఒకటి.

నిజాం ఏలుబడిలో ఒక పరిశోధన

నేటి యువజనులకు తెలియకపోవచ్చును గాని, 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరుగువరకు మన నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలోనిది. 1948 వరకు మన తాతముత్తాతలు నిజాం ప్రభువుల ఏలుబడిలో జీవించిరి. కావున ఆనాటి హైదరాబాదులో వైద్యశాస్త్రమునకు జరిగినది మన ఇంటి చరిత్రలోని భాగమే.

పూర్వకాలమున శస్త్రచికిత్స చేయవలెనన్న రోగిని నలుగురు బలవంతులు పట్టుకొనగా వైద్యుడు కత్తి పెట్టెడివాడు. 1846లో అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు అను మందు పీల్పించి, నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని చూపిరి. మరుసటి సంవత్సరము స్కాట్లాండు దేశపు ఎడింబరోలో డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాం వాడిరి. అది వేగముగా మత్తు కలిగించును గనుక లోకమంతట వ్యాపించినది. అయితే 1848 జనవరిలో ఇంగ్లండులో 15 సంవత్సరముల బాలిక ఒకతె, కాలిగోరు తీయుటకై క్లోరోఫాం ఇచ్చిన కొద్ది నిమిషములలోనే మరణించినది. అటువంటి మరణములు మరికొన్ని జరిగినవి. మత్తులో ఉన్న మనిషి ఏల చనిపోవుచున్నాడు? ముందుగా ఆగునది గుండెయా, ఊపిరియా? ఈ ప్రశ్నపై వైద్యులు రెండు పక్షములైరి. లండను వైద్యులలో అనేకులు నాడి మీద చేయి వేసి ఉంచవలెననిరి. ఎడింబరోలోని ప్రసిద్ధ శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ మాత్రము ఊపిరినే చూడవలెనని తన శిష్యులకు బోధించిరి.

ఆ శిష్యులలో ఒకరైన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1880లలో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగాను, 1846లో స్థాపించబడిన హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగాను ఉండిరి. అఫ్జల్‌గంజ్ దవాఖానలో ఆయన క్లోరోఫాంతో శస్త్రచికిత్సలు చేయుచు, మత్తు ఇచ్చువాడు ఊపిరి మీదనుండి దృష్టి మరల్చకూడదని విద్యార్థులకు ఖండితముగా చెప్పెడివారు. తన మాట నిరూపించుటకు 1888లో ఒక పరిశోధక సంఘమును ఏర్పరచిరి. దాని ఫలితమును లండనులోని లాన్సెట్ అను వైద్య పత్రిక అంగీకరింపలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చి, ఆ పత్రిక తరపున ఒక పండితుని పంపుడని కోరిరి. 1889లో డాక్టర్ లాడర్ బ్రంటన్ ఓడ మీద వచ్చి, హైదరాబాదులో రెండవ పరిశోధక సంఘములో పాల్గొనిరి. వందలాది జంతువులపై ప్రయోగములు జరిగినవి. క్లోరోఫాం మొదట ఊపిరిని ఆపును, గుండె ఆ తరువాత ఆగును అని ఆ సంఘము తీర్మానించినది.

ఈ పరంపరలో ఒక స్త్రీ పేరు కూడ మనము గుర్తుంచుకొనవలెను. పార్సీ కుటుంబమునకు చెందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ వైద్య పాఠశాలలోనే చదివి, క్లోరోఫాం ఇచ్చుటలో నిపుణురాలై, హైదరాబాదు ఆసుపత్రులలో పనిచేసిరి. ప్రపంచములోని తొలి మహిళా మత్తువైద్యులలో ఆమెను లెక్కింతురు. స్త్రీలు గడప దాటుటయే అరుదైన ఆ దినములలో ఒక స్త్రీ రోగి తలయొద్ద నిలిచి, ఆతని శ్వాసను లెక్కించు బాధ్యతను స్వీకరించుట చిన్న సంగతి కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద అఫ్జల్‌గంజ్ దవాఖానను నాశనము చేసినది. తరువాత ఆ నది ఒడ్డున కట్టబడినదే మనమెరిగిన ఉస్మానియా దవాఖాన.

సగము సత్యము

హైదరాబాదు తీర్మానమునకు గొప్ప పేరు వచ్చినది గాని, దానిలో లోపము కూడ ఉన్నది. 1911లో ఇంగ్లండులో గుడ్‌మన్ లెవీ అను పరిశోధకుడు పిల్లుల మీద ప్రయోగములు చేసి, మత్తు కొద్దిగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని చూపెను. అనగా నాడిని చూడనక్కరలేదన్న లారీ వాదము పొరపాటు. ఊపిరిని విడువక చూడవలెనన్న ఆయన బోధ మాత్రము నేటికిని నిలిచియున్నది.

ఆ రెండు పక్షముల వాదమును నేటి ఐసీయూలో మంచము పైన వెలుగు మానిటర్ తీర్చినది. దాని మీద గుండె లయ ఒక గీత, ఊపిరి ఒక గీత, రక్తపోటు ఒక అంకె, రక్తములోని ఆక్సిజను ఒక అంకె. ఆ ఆక్సిజనును వ్రేలి కొననుండి కొలుచుటకు మూలమైన సూత్రమును జపానులో టకువో అయొయాగి 1970ల ఆరంభములో కనుగొనిరి. కోవిడ్ కాలమున ఆ చిన్న పరికరము మన పల్లె ఇండ్లలోనికి కూడ వచ్చినది. అయితే నల్లని చర్మము గలవారిలో అది ఒక్కొక్కప్పుడు ఉన్నదానికంటె ఎక్కువ అంకె చూపుచున్నదని 2020లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. అంకె బాగున్నను రోగి ఎగశ్వాస తీయుచున్నయెడల రోగినే నమ్మవలెను. లారీ కాలమునాటి పాఠమే ఇది: ఒక్క గురుతు చాలదు.

1,500 మంది విద్యార్థుల చేతులు

ఐసీయూ అను గదికి పుట్టినిల్లు డెన్మార్కు దేశపు కోపెన్‌హేగెన్ నగరమని చరిత్రకారులు చెప్పుదురు. అంతకు ముందే, 1863లో, ఫ్లోరెన్స్ నైటింగేల్ శస్త్రచికిత్స గది ప్రక్కన రోగులు తేరుకొనువరకు ఉండు చిన్న గదిని గూర్చి వ్రాసిరి. 1923లో అమెరికాలోని బాల్టిమోరులో డాక్టర్ వాల్టర్ డాండీ మెదడు శస్త్రచికిత్స అయినవారికై మూడు పడకల గది ఏర్పరచిరి. కాని లోకము కన్నులు తెరచినది 1952లో.

ఆ సంవత్సరము వేసవిలో కోపెన్‌హేగెన్‌ను పోలియో వ్యాధి కమ్ముకొన్నది. బ్లెగ్‌డమ్ ఆసుపత్రికి దినమునకు పదులకొలది రోగులు వచ్చిరి. ఊపిరి కండరములు చచ్చుబడినవారికై అక్కడ ఉన్న ఇనుప శ్వాసయంత్రము ఒక్కటి, ఛాతీకి తొడుగు చిన్న యంత్రములు ఆరు. మొదటి మూడు వారములలో అట్టివారు 31 మందిలో 27 మంది మరణించిరి. ఆసుపత్రి అధిపతి డాక్టర్ లాసెన్, మత్తువైద్యుడైన బియోర్న్ ఇబ్సెన్‌ను సలహా అడిగిరి. మత్తు ఇచ్చునపుడు చేయునట్లే, గొంతులో రంధ్రము చేసి గొట్టము పెట్టి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరితిత్తులలోనికి గాలి పంపవలెనని ఇబ్సెన్ చెప్పిరి. ఆగస్టు 27వ తేదీన 12 సంవత్సరముల బాలికకు అట్లు చేయగా ఆమె బ్రదికినది.

అయితే సంచి నొక్కుట ఎవరు? వారములు, నెలలు, రాత్రియు పగలును ఆగరాదు. వైద్య, దంతవైద్య విద్యార్థులు సుమారు 1,500 మంది వంతులవారిగా మంచముల ప్రక్కన కూర్చుండి నొక్కిరి. వారు పనిచేసిన గంటలు మొత్తము 1,65,000 అని లెక్క. రోగి పెదవుల రంగు చూచుచు, ఛాతీ ఎగయుట చూచుచు, చిన్నపిల్లలకు కథలు చదివి వినిపించుచు వారు గాలి నింపిరి. మరణములు 100కు 87 నుండి క్రమముగా 25కు తగ్గినవి. 1953 డిసెంబరులో ఇబ్సెన్ ఆ నగరపు కమ్యూన్ ఆసుపత్రిలో ప్రమాదస్థితిలోని రోగులనందరిని ఒక్కచోట చేర్చి, రాత్రింబగళ్లు వైద్యులు, నర్సులు ఉండు వార్డు స్థాపించిరి. నేటి ఐసీయూలకు అది మాతృక. మన దేశములో ఈ విభాగపు వైద్యులు 1993లో ఒక జాతీయ సంఘముగా ఏర్పడిరి.

ఈ పనికి వెన్నెముక నర్సులు. మన తెలుగుదేశమున మిషను ఆసుపత్రులు ఈ విషయమున చేసిన ఉపకారము మనకు తెలియును. గుంటూరులో 1898లో డాక్టర్ అన్నా కుగ్లర్ తెరచిన స్త్రీల ఆసుపత్రి, 1915లో కెర్ దంపతులు డిచ్‌పల్లిలో ఆరంభించిన కుష్ఠు వైద్యశాల అందుకు సాక్ష్యములు. వెల్లూరులో డాక్టర్ ఐడా స్కడర్ 1909లో నర్సుల పాఠశాల స్థాపించిరి. నర్సు పనిని సమాజము చిన్నచూపు చూచిన దినములలో సంఘములు తమ కుమార్తెలను ఆ చదువునకు పంపినవి. వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కొక్క రోగికి ఒక్కొక్క నర్సు ఉండవలెనని నేటి నిపుణులు సిఫారసు చేయుచున్నారు. ఒకే నర్సు మీద నాలుగైదు మంచముల భారము మోపినచోట యంత్రములెన్ని ఉన్నను కావలి పలుచబడును.

చిన్న పనులు, పెద్ద ఫలితములు

1953 తరువాత యంత్రములు ఎంతో వృద్ధి చెందినవి. అయినను గత 25 సంవత్సరములలో ఐసీయూలో మరణములను తగ్గించిన విషయములలో కొన్ని ఎంత సామాన్యమైనవో చూచిన ఆశ్చర్యము కలుగును.

ఊపిరితిత్తులు తీవ్రముగా దెబ్బతిన్నవారికి వెంటిలేటర్ ద్వారా గాలి నిండుగా కొట్టుటయే పూర్వపు అలవాటు. 2000లో అమెరికాలో 861 మంది రోగులపై జరిగిన పరిశీలనలో, ఎత్తును బట్టి లెక్కించిన బరువులో కిలోకు 12 మిల్లీలీటర్లు గాలి ఇచ్చినవారిలో 100కు సుమారు 40 మంది మరణింపగా, 6 మిల్లీలీటర్లు ఇచ్చినవారిలో 31 మందే మరణించిరి. యంత్రబలమును తగ్గించుటచే ప్రాణములు మిగిలినవి. 2013లో ఫ్రాన్సు వైద్యులు అటువంటి రోగులను దినమునకు 16 గంటలు బోర్లా పండబెట్టిరి. 28 దినములలో మరణములు 100కు 33 నుండి 16కు తగ్గినవి. దీనికి క్రొత్త యంత్రము అక్కరలేదు. గొట్టములు ఊడకుండ రోగిని జాగ్రత్తగా త్రిప్పుటకు నలుగురైదుగురు మనుష్యులు కావలెను. కోవిడ్ దినములలో మనవారిని బోర్లా పండబెట్టుటకు ఆధారము ఇదే.

ఇక గుండె దగ్గరి పెద్ద రక్తనాళములోనికి వేయు గొట్టముల వలన రక్తములో క్రిములు చేరుట ఐసీయూలలో పెద్ద బెడద. బాల్టిమోరులోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి వైద్యుడు పీటర్ ప్రొనొవోస్ట్ 2001లో ఐదు పనుల పట్టిక వ్రాసిరి: చేతులు కడుగుకొనుట, చర్మమును క్రిమిసంహారక మందుతో శుభ్రపరచుట, రోగిని శుభ్రమైన వస్త్రముతో పూర్తిగా కప్పుట, వీలైనంతవరకు తొడ దగ్గరి నాళమును వాడకుండుట, అవసరము తీరగానే గొట్టము తీసివేయుట. వీటిలో వైద్యులు ఎరుగనిది ఒక్కటియు లేదు. అయితే వైద్యుడు ఒక మెట్టు మరచినయెడల ఆపుటకు నర్సుకు అధికారము ఇచ్చిరి. మిషిగన్ రాష్ట్రములో సుమారు 100 ఐసీయూలలో దీనిని అమలు జరుపగా, ఆ విధమైన రక్తదోషము 18 నెలలలో మూడింట రెండు వంతులు తగ్గినదని 2006లో ప్రకటించిరి. పెద్దవాడు తప్పితే చిన్నవాడు చెప్పగలిగిన చోట రోగికి క్షేమము.

మన మంచములయొద్దకు

ఈ చరిత్రతో 2016లో మండలమైన మన నాగల్‌గిద్దకు ఏమి పని అని అడుగవచ్చును. కంది, పత్తి, జొన్న చేలలో పనిచేయు మనకు రెండు ఆపదలు ఎప్పుడును దగ్గరలోనే ఉన్నవి.

ఒకటి కట్లపాము. నేల మీద నిద్రించువారిని అది రాత్రివేళ కరచును. వాపు గాని, నొప్పి గాని అంతగా ఉండదు. తెల్లవారుసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలుట, మాట ముద్దగుట, తరువాత ఊపిరి కండరములు చచ్చుబడుట. 1952లో కోపెన్‌హేగెన్ పిల్లలకు కలిగిన స్థితియే ఇది. విషము విరుగు మందుతోబాటు, కండరములు తేరుకొనువరకు ఎవరైనను ఊపిరి అందింపగలిగిన, చచ్చినట్లు కనబడినవాడు లేచి ఇంటికి నడచి రాగలడు. అట్టివాడు కదలలేకపోయినను మన మాటలు వినుచుండవచ్చును. మంత్రమని, కాటు కోయుటయని, ఆకుపసరని గడపిన ప్రతి గంటయు ఆ ఊపిరిలోనుండి తీసిన గంటయే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 వాహన సేవను వెంటనే పిలువవలెను.

రెండవది పురుగుమందు. ఆ విషము పోయినదని, రోగి లేచి కూర్చున్నాడని సంతోషించి ఇంటికి తీసికొని పోవుటకు తొందరపడువారు కలరు. ఆర్గనోఫాస్ఫేట్ జాతి మందులలో ఒకటి నుండి నాలుగు దినముల మధ్య మెడ కండరములు, ఊపిరి కండరములు హఠాత్తుగా బలహీనపడు ప్రమాదము ఉన్నది. రోగి తల దిండు మీదనుండి ఎత్తలేకపోవుట దాని తొలి గురుతులలో ఒకటి. వైద్యుడు ఇంకను ఉంచుమనిన ఉంచవలెను.

ఖర్చు భయము నిజమైనది. వంద కిలోమీటర్లకు పైగా దూరమున్న హైదరాబాదులో పది దినములు గడుపుటకు ఎద్దులను, బంగారమును, కొందరు భూమిని కూడ అమ్ముకొందురు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకపు పరిమితిని 2023 డిసెంబరులో మన రాష్ట్రములో 10 లక్షల రూపాయలకు పెంచిరి. ఆసుపత్రిలో చేర్చు గడియలోనే ఆరోగ్యమిత్రను అడిగి, ఆ చికిత్స పథకములో ఉన్నదా అని తెలిసికొనవలెను. అప్పు చేసిన తరువాత అడిగిన ప్రయోజనము లేదు.

ఇక ఐసీయూ తలుపు బయట కూర్చుండు బంధువులుగా మనము చేయగల కావలి పని కూడ కలదు. లోనికి పోవునపుడు చేతులు కడుగుకొనుట మొదటిది. దినమున కొకసారి వైద్యునితో మాటలాడుటకు ఇంటివారిలో ఒక్కరిని నియమించుకొని, మూడు ప్రశ్నలు అడుగుట రెండవది: నిన్నటికి నేటికి ఏమి మారినది? నేడు ఏ గొట్టము తీయగలరు? మీ ఉద్దేశము ఏమి? మూడవది, రోగితో మాటలాడుట. ఐసీయూలో పగలు రాత్రి తెలియక మనస్సు కలతచెంది, లేనివి కనబడు స్థితి అనేకులకు, విశేషముగా వృద్ధులకు కలుగును. పేరు పెట్టి పిలిచి, దినము, వేళ, ఊరు చెప్పుట, కళ్లజోడు, చెవి యంత్రము పెట్టించుట నిజముగా మేలు చేయును. వీలైనంత త్వరగా రోగిని కూర్చుండబెట్టి, నిలువబెట్టి, కాళ్లు చేతులు కదిలించుటవలన బలము మరల వచ్చునని 2009లో వెలువడిన పరిశీలన తెలిపినది. ఇంటికి వచ్చిన తరువాత కూడ కొన్ని నెలలు బలహీనత, మరపు, భయము ఉండవచ్చును. దానిని సోమరితనమని నిందింపరాదు.

చివరిది కష్టమైన సంగతి. బాగుపడు ఆశ లేదని వైద్యులు స్పష్టముగా చెప్పినప్పుడు యంత్రమును కొనసాగింపవలెనా అను ప్రశ్న ఇంటివారి మీద పడును. గౌరవముగా మరణించు హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చిలో గుర్తించి, ముందుగా వ్రాసి ఉంచు పత్రమునకు పద్ధతి ఏర్పరచి, 2023 జనవరిలో దానిని సులభతరము చేసినది. రోగి గాని, బంధువులు గాని ఒప్పుకొననిదే ఐసీయూలో చేర్చరాదను కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకములు 2024 ఆరంభములో ప్రచురితమైనవి. కావున ఇంటి పెద్దలు ఆరోగ్యముగా ఉన్న దినములలోనే, అట్టి గడియ వచ్చిన తమకేమి కావలెనో బిడ్డలతో చెప్పి ఉంచుట మంచిది. అది అపశకునము కాదు. బిడ్డల భుజముల మీదనుండి తీసిన బరువు. ఊపిరి నిలుపుటకు ఆశ లేనప్పుడు కూడ నొప్పి తగ్గించుట, నోరు తడుపుట, చేయి పట్టుకొనుట ఆగరాదు. అదియును కావలియే.

అఫ్జల్‌గంజ్‌లో రోగి తలయొద్ద నిలిచి శ్వాస లెక్కించినవారు, కోపెన్‌హేగెన్‌లో రబ్బరు సంచి నొక్కిన విద్యార్థులు, మిషిగన్‌లో వైద్యుని ఆపి చేతులు కడుగుమన్న నర్సులు ఒకే వంశమువారు. ఆ వంశములో చేరుటకు మన సంఘపు యువతీయువకులకు ద్వారము తెరచియున్నది. నర్సింగు చదువు, శ్వాసచికిత్స చదువు, 108 వాహనములో పనిచేయు శిక్షణ, ఇవన్నియు అందుబాటులో ఉన్న చదువులు. సరిహద్దు మండలమైన మన చోట ఒక్కొక్క పల్లెకు ఒక్కరైనను ప్రాథమిక ప్రాణరక్షణ నేర్చినవారుండిన, దవాఖానకు చేరులోపల పోవు ప్రాణములు కొన్ని దక్కును.